కోసుకునేవి, కొనుక్కునేవి

మొగల్తూరులో ఇల్లు కట్టుకునేవాళ్ళు సింహద్వారం గురించి వడ్రంగికి చెప్పేది రెండే అంకెలు. "మూడున్నర ఏడు చేసెయ్యండి మేస్త్రిగారూ." మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. మాట అయిపోయిందని లేవబోతే ఆయన ఆపుతారు. "మూడున్నర బయటికి బయటికాండీ, లోపలికి లోపలికాండీ?" ద్వారబంధం ఈ అంచు నుంచి ఆ అంచుకి మూడున్నరా, లేక మనిషి నడిచే ఖాళీయే మూడున్నర ఉండాలా అని ఆయన అడిగేది. తాపీమేస్త్రికి ఈ రెండూ అక్కర్లేదు, గోడలో ఎంత మేర వదలాలో అది కావాలి. ఒకే గుమ్మం, దానికి ముగ్గురు అడిగే వెడల్పులు మూడు.

నా పనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మొగల్తూరులో ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు సంస్థలకు భవనాల కంప్యూటర్ నమూనాలు తయారుచేస్తాను. బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు, పొట్టిగా బిమ్. ఇందులో గీతలు గీయడం ఉండదు. గోడని గోడగా, తలుపుని తలుపుగా, దాని కొలతా కర్రా ఖరీదూ తెలిసిన వస్తువుగా నిలబెడతాం. ఒక్కచోట మారిస్తే ప్లానులో, ఎలివేషన్‌లో, సామాన్ల పట్టికలో కూడా దానంతటదే మారాలన్న ఆలోచనకి చార్లెస్ ఈస్ట్‌మన్ అనే అమెరికా ఆచార్యుడు 1970లలోనే రూపం ఇచ్చారు. మేం వాడే రెవిట్ సాఫ్ట్‌వేర్ అంత పాతది కాదు. లియోనిడ్ రైజ్, ఇర్విన్ జంగ్రైస్ అనే ఇద్దరు 1997లో పెట్టిన చిన్న కంపెనీ దాన్ని 2000లో బయటికి తెచ్చింది. 2002లో ఆటోడెస్క్ ఆ కంపెనీని 13 కోట్ల 30 లక్షల డాలర్లకు కొంది.

రెవిట్‌లో తలుపు ఒక ఫ్యామిలీ. మూడడుగులది ఒక టైపు, రెండున్నరది ఇంకో టైపు. ఒక ఫ్యామిలీ కడుపులో ఇంకో ఫ్యామిలీని పెట్టుకోవచ్చు, దాన్ని నెస్టెడ్ అంటాం. ద్వారబంధంలో రెక్క, రెక్కకి బందులు, తాళం, పిడి. ఇలా పొదగడం ఎవరికైనా ఒక పూటలో వస్తుంది. బయటి కొలత మారినప్పుడు లోపలివి ఏవి మారాలి, ఎంత మారాలి, ఏవి అసలు కదలకూడదు అన్నది తేల్చడమే ఏళ్ళు పట్టే విద్య. నా అభిప్రాయంలో ఈ పనిలో మిగతాదంతా దీని తర్వాతే.

దీనికి నాకు దొరికిన దారి చాలా మామూలుది. ఇంటికి వాడే ప్రతి వస్తువునీ ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఇది కోసుకునేదా, కొనుక్కునేదా? ద్వారబంధం కర్ర కోసుకునేది. ఏ కొలత అడిగితే ఆ కొలతకి వస్తుంది. బందు కొనుక్కునేది. నాలుగంగుళాలది ఉంటుంది, ఐదంగుళాలది ఉంటుంది. నాలుగుంబావు బందు కావాలంటే నరసాపురం హార్డ్‌వేర్ షాపులో ఎవరూ ఇవ్వరు. కోసుకునేదాని కొలతని లెక్క చెబుతుంది, కొనుక్కునేదాని కొలతని జాబితా చెబుతుంది. ఈ రెండూ ఒకదానిలోకి ఒకటి వెళ్ళాయంటే నమూనా చూడ్డానికి చక్కగానే ఉంటుంది, కానీ దానిలోంచి వచ్చే పట్టికలో బజారులో దొరకని బందులు, ఏ గుమ్మానికీ పట్టని రెక్కలు ఉంటాయి.

కోసుకునేదాని లెక్క ఎలా నడుస్తుందో ఒక్క వెడల్పుతోనే చూద్దాం. బయటికి బయటికి మూడున్నర అడుగులు, అంటే నలభై రెండు అంగుళాలు. ఐదు మూడు కర్ర వాడితే మనకెదురుగా కనిపించే ముఖం మూడంగుళాలు. రెండు పక్కలా కలిపి ఆరు తీసేస్తే నడిచే ఖాళీ ముప్పై ఆరు. రెక్క కూర్చోడానికి ద్వారబంధంలో అటూ ఇటూ అరంగుళం చొప్పున గాడి తీస్తారు, కాబట్టి రెక్క ఖాళీకన్నా ఒక అంగుళం ఎక్కువ ఉండాలి, ముప్పై ఏడు. వానాకాలంలో చెక్క ఉబ్బి పట్టెయ్యకుండా అటొక నూలు, ఇటొక నూలు సందు వదలాలి. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రెండు నూళ్ళు తీస్తే రెక్క ముప్పై ఆరు ముప్పావు. ఇప్పుడు ఇంటాయన వచ్చి సింహద్వారం కదా, కర్ర ఆరు నాలుగు వేయమన్నాడనుకోండి. బయటి కొలత అదే మూడున్నర, గోడలో వదిలిన మేర అదే, కానీ రెక్క ముప్పై నాలుగు ముప్పావుకి దిగిపోయింది. రెక్క గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, అయినా అది రెండంగుళాలు తగ్గింది.

అందుకే రెక్క ఫ్యామిలీలో వెడల్పు అంకెని ఎవరూ చేత్తో వేయకూడదంటాను. ఆ గడి ఉంటుంది, కానీ దాన్ని నింపేది పైనున్న ద్వారబంధం. బయటి వెడల్పు, కర్ర ముఖం, గాడి, సందు, ఈ నాలుగూ పై ఫ్యామిలీలో ఉంటాయి. రెక్క వెడల్పు వాటినుంచి ఫార్ములాతో పుట్టి కిందికి దిగుతుంది. వడ్రంగులు పనిచేసే వరసా ఇదే. ముందు ద్వారబంధం నిలబెడతారు, గోడ లేస్తుంది, పూత అవుతుంది. రెక్క కొలత అప్పుడు తీసుకుంటారు, అదీ పైన, నడుమ, కింద మూడుచోట్ల. ద్వారబంధం నిలబడకముందే రెక్క కోసే వడ్రంగిని నేను మా వైపు చూడలేదు. కంప్యూటర్ ముందు మాత్రం రెక్కని ముందు తయారుచేసి, తర్వాత ద్వారబంధాన్ని దాని చుట్టూ సర్దేవాళ్ళు చాలామంది కనిపిస్తారు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. కొలతని టైపుకి కట్టాలా, ఇన్‌స్టెన్స్‌కి కట్టాలా? టైపుకి కడితే ఆ టైపు పేరున్న రెక్కలన్నీ కలిసి మారతాయి. ఇన్‌స్టెన్స్‌కి కడితే ఏ రెక్కకారెక్క మారుతుంది. ఒక పెద్ద రెక్క, ఒక చిన్న రెక్క ఉండే గుమ్మం తీసుకోండి. రోజూ పెద్దది తెరుస్తారు, మంచం లోపలికి పట్టుకెళ్ళే రోజున చిన్నది కూడా తెరుస్తారు. రెండింటికీ ఒకే రెక్క ఫ్యామిలీ వాడి వెడల్పుని టైపుకి కడితే పెద్దదాన్ని పెంచగానే చిన్నదీ పెరిగి రెండూ ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. ఇన్‌స్టెన్స్‌కి కడితే ఆ గొడవ లేదు.

ఇంకో కారణం కూడా ఉంది, చాలామందికి అదే తట్టదు. రెక్కల్ని విడిగా లెక్కపెట్టి ఫ్యాక్టరీకి ఆర్డరు ఇవ్వాలంటే ఆ నెస్టెడ్ ఫ్యామిలీకి షేర్డ్ అన్న గుర్తు పెట్టాలి. పెట్టకపోతే పట్టికలో గుమ్మం ఒక్కటే లెక్కకి వస్తుంది, రెక్క దానిలో కలిసిపోతుంది. అయితే షేర్డ్ చేసిన మరుక్షణం దాని టైపు కొలతల మీద పై ఫ్యామిలీ పెత్తనం పోతుంది. ఆ టైపు ప్రాజెక్టులో సొంతంగా బతుకుతుంది కాబట్టి ఎవరో ఒక గుమ్మం దాన్ని మార్చడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఇన్‌స్టెన్స్ కొలతల్ని మాత్రం పైనుంచి నడపొచ్చు. కాబట్టి కోసుకునే రెక్కకి షేర్డ్ గుర్తు, ఇన్‌స్టెన్స్ వెడల్పు. కొనుక్కునే తాళానికి షేర్డ్ గుర్తు, కదలని టైపులు. తాళం టైపుల్లో ఏది కావాలో ఎంచుకునే వీలు మాత్రం పై ఫ్యామిలీకి ఇస్తాం, దాన్ని ఫ్యామిలీ టైప్ ప్యారామీటర్ అంటారు. గుమ్మం తాళాన్ని ఎంచుకుంటుంది, తాళం కొలతని ముట్టుకోదు.

ఈ విభజన చేయకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. గుమ్మాలు ఐదు సైజులు, రెక్కలు నాలుగు రకాలు, తాళాలు మూడు, కర్ర రెండు రకాలు. అన్నింటినీ ఒకే వరసలో టైపులుగా పరిస్తే 120 పేర్లు. విడదీసి పొదిగితే ఐదూ నాలుగూ మూడూ రెండూ, మొత్తం 14. నూట ఇరవై పేర్లున్న జాబితాలో ఎవరూ వెతకరు. దగ్గరగా ఉన్నదేదో తీసుకుని, పేరు మార్చి, కొత్తగా ఇంకోటి దాచుకుంటారు. ఆరు నెలలకి జాబితాలో రెండొందలుంటాయి, వాటిలో నలభై ఒకేలా ఉంటాయి.

దీనికి పూర్తి వ్యతిరేక దారి కూడా ఉంది, అదీ నాకు నచ్చదు. అన్నింటినీ మార్చగలిగే ఒకే ఒక మహాఫ్యామిలీ. తలుపూ అందులోనే, కిటికీ కూడా అందులోనే, అరవై గడులు, ఏది కదిపితే ఏది కదులుతుందో తయారుచేసినవాడికి తప్ప తెలియదు. పొదిగింపు మూడు అంతస్తులు దాటితే ఫైలు బరువెక్కుతుంది, తప్పు ఎక్కడుందో వెతకడానికి పూట పడుతుంది. పైగా కొలతని ఇష్టం వచ్చినట్టు లాగే స్వేచ్ఛ ఇస్తే ఎవరూ అమ్మని సైజు ఎవరో ఒకరు తప్పక లాగుతారు. ఎవరూ తయారుచేయని సైజు నమూనాలో రాకుండా అడ్డుపడడం కూడా మా బాధ్యతేనని నేను గట్టిగా నమ్ముతాను.

కొనుక్కునే వస్తువుల జాబితా ఊరిని బట్టి కూడా మారుతుంది. మొగల్తూరు మండలంలోనే పేరుపాలెం సముద్రతీరం ఉంది. ఆ ఉప్పుగాలికి ఇనుప బందులు తొందరగా తుప్పు పట్టి తలుపు కిర్రుమంటుంది. ఇటువైపు తెలిసినవాళ్ళు ఇత్తడో స్టీలో అడుగుతారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఫ్యామిలీలో బందు సైజు మాత్రమే ఉంటే మా వైపు పనికి చాలదు, ఏ లోహమో కూడా టైపులో ఉండాలి. గొట్టాల సంగతి ఇంకా ఖండితం. పీవీసీ గొట్టాలు 63, 75, 90, 110 మిల్లీమీటర్లు, ఇలా స్టాండర్డు ప్రకారం వస్తాయి. 110 ఎల్బో అంటే 75 ఎల్బోని అదే నిష్పత్తిలో పెంచినది కాదు. మెడ పొడవు, గోడ మందం ఏ సైజుకాసైజు వేరు. ఇక్కడ ఫార్ములా పనికిరాదు. తయారీదారు పట్టికని ఫ్యామిలీలోకి ఎక్కించి, 110 అనగానే ఆ వరసలోని అంకెలన్నీ తెచ్చుకోమని చెప్పాలి. దీన్ని లుకప్ టేబుల్ అంటారు. టైపులు మరీ ఎక్కువైతే ఫ్యామిలీ పక్కన అదే పేరుతో ఒక టెక్స్ట్ ఫైలు పెడతాం, టైప్ క్యాటలాగ్ అని. ప్రాజెక్టులోకి తెచ్చుకునేటప్పుడు కావలసిన వరసలే ఏరుకోవచ్చు, మిగతావి లోపలికి రావు.

ఈ రెండింటికీ మధ్యలో ఉండేవి కొన్ని ఉన్నాయి, నాకు ఎక్కువ ఆలోచన పెట్టేవి అవే. ఫ్లష్ డోర్ కొనుక్కునేదే. అయినా అంచుల్లో కొద్దిగా చిత్రిక పట్టొచ్చు, మరీ తీస్తే అంచు గట్టిచెక్క పోయి లోపలి పొర బయటపడుతుంది. లెక్క ప్రకారం ముప్పై ఆరు ముప్పావు కావాలంటే దానికి పై సైజు రెక్క కొని తగ్గించుకోవాలి. కాబట్టి ఆ ఫ్యామిలీలో రెండు కొలతలు ఉంచుతాను. ఒకటి బిగించే కొలత, లెక్కతో వచ్చేది. రెండోది కొనే కొలత, దాన్ని పై సైజుకి పెంచి చూపించేది. రెండింటి తేడా చిత్రికకి అందనంత ఉంటే పట్టికలో ఒక గుర్తు పడుతుంది. బొమ్మలో కనిపించేది మొదటిదే అయినా కొనుగోలు పట్టికకి వెళ్ళేది రెండోది.

ఇక పేర్లు. భారతీయ ప్రమాణాల్లో తలుపులకి చక్కటి పేర్లున్నాయి. 10 డీఎస్ 21 అంటే వెడల్పు పది మాడ్యూళ్ళు, డి అంటే తలుపు, ఎస్ అంటే ఒంటి రెక్క, ఎత్తు ఇరవై ఒక్క మాడ్యూళ్ళు. మాడ్యూలంటే వంద మిల్లీమీటర్లు. రెండు రెక్కలైతే ఎస్ బదులు టి. ఈ పేరు గోడలో వదిలే ఖాళీని చెబుతుంది, ద్వారబంధం దానికన్నా కాస్త తక్కువ ఉంటుంది. కానీ ఊళ్ళో ఎవరూ మాడ్యూళ్ళలో మాట్లాడరు. ఏడడుగులంటే 2134 మిల్లీమీటర్లు, ఇరవై ఒక్క మాడ్యూళ్ళంటే 2100. తేడా 34 మిల్లీమీటర్లు, అంగుళం పైన మూడు నూళ్ళ దాకా. హైదరాబాదులో మిల్లీమీటర్లలో గీసింది, మొగల్తూరులో అడుగుల టేపుతో కొలిచింది ఒకటేననుకుంటే ఆ 34 గుమ్మం పైన సిమెంటులోనో కింద ఫ్లోరింగులోనో తేలుతుంది. అందుకే నా ఫ్యామిలీల్లో టైపు పేరులో సైజు ఒక్కటే రాయను, ఏ కొలతో కూడా రాస్తాను. బయటికి బయటి అయితే 'బ', నడిచే ఖాళీ అయితే 'ఖ'. అక్షరం ఒకటి ఎక్కువైంది, ఫోన్లు చాలా తగ్గాయి.

గోదావరి జిల్లాల ఇళ్ళ కొలతలకి ఇంకో మూలం ఉంది, బయటివాళ్ళకి అది చెప్పకపోతే అర్థం కాదు. ఆయం. మా వైపు చాలామంది వాడే లెక్కలో ఇంటి పొడవూ వెడల్పూ గజాల్లో తీసుకుని, వైశాల్యాన్ని తొమ్మిదితో గుణించి ఎనిమిదితో భాగిస్తారు. శేషం ఒకటైతే ధ్వజాయం, మూడైతే సింహాయం, ఐదైతే వృషభాయం, ఏడైతే గజాయం, ఈ బేసివి మంచివంటారు. ముప్పై ఆరు అడుగులు, ముప్పై అడుగుల ఇల్లు తీసుకోండి. పన్నెండు గజాలు, పది గజాలు. నూట ఇరవై చదరపు గజాలు, తొమ్మిదితో హెచ్చిస్తే 1080, ఎనిమిదితో భాగిస్తే శేషం ఏమీ మిగలదు. సిద్ధాంతిగారు ఒప్పుకోరు. ముప్పై అడుగుల పక్కని ముప్పై అడుగుల తొమ్మిదంగుళాలు చేస్తే పదీ పావు గజాలు, నూట ఇరవై మూడు చదరపు గజాలు, 1107, శేషం మూడు. సింహాయం. ఆ తొమ్మిదంగుళాలు ఇంట్లో ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. గదుల కొలతలు పదడుగుల ఐదంగుళాలనీ పదకొండడుగుల నాలుగంగుళాలనీ తేలడానికి కారణం ఇదే.

హైదరాబాదులోని నా సహోద్యోగికి మొదట ఇది కొలతల్లో పొరపాటుగా కనిపించింది. ఆయన ఫ్యామిలీల్లో గది సైజులు టైపులుగా ఉండేవి, పదడుగులు, పదకొండడుగులు, పన్నెండడుగులు. ఆయం చూసే ఇంట్లో గది వెడల్పు కోసుకునే వస్తువు, ఏ అంగుళం దగ్గరైనా ఆగొచ్చు. దానిలోపలి అలమారా తలుపులు మాత్రం కొనుక్కునేవి. గది తొమ్మిదంగుళాలు పెరిగితే అలమారా పెరగకూడదు, దాని పక్కన మూసే పట్టీ పెరగాలి. ఎక్కడ లాగినా సర్దుకునేలా ఒక పట్టీని ఫ్యామిలీలో ముందే పెట్టి ఉంచడం ఇప్పుడు మాకు అలవాటైంది. ఆయం నమ్మాలా వద్దా అన్నది ఇంటివాళ్ళ ఇష్టం. వాళ్ళు నిర్ణయించుకున్న కొలతని నమూనా గౌరవించాలన్నది మాత్రం నా పట్టుదల.

సొంత ఇంట్లో తొమ్మిదంగుళాలు సర్దుకోవచ్చు, వేల ఇళ్ళలో కుదరదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగుల్లో మూడు సైజులు. మా దగ్గర పాలకొల్లులోనూ భీమవరంలోనూ కట్టారు. షియర్ వాల్ పద్ధతి కాబట్టి గోడలు ఇటుకతో లేవవు, అచ్చు బిగించి కాంక్రీటు పోస్తారు. కిటికీ ఖాళీ అచ్చులోనే ఉంటుంది. ఇలాంటి పనికి మూడు సైజుల ఇళ్ళకి మూడు విడి నమూనాలు గీస్తే కిటికీ మూడుచోట్ల మూడుసార్లు పుడుతుంది, ఒకచోట దిద్దినప్పుడు మిగతా రెండు మర్చిపోయే ప్రమాదం ఉంది. నమూనాలో తప్పిన ఒక్క అంగుళం అచ్చులోకి వెళ్ళిందంటే ఆ అచ్చుతో పోసిన ప్రతి గోడలోనూ గట్టిపడుతుంది, ఆ తర్వాత చిత్రికా ఉలీ పనిచేయవు. మూడు సైజులకీ ఒకే కిటికీ ఫ్యామిలీ, దాని కొలత రాసి ఉండేది ఒకే చోట. ప్రభుత్వ ఇళ్ళలో ఉండబోయేవాళ్ళకి ఈ జాగ్రత్త మరింత అవసరమని నాకనిపిస్తుంది, వాళ్ళకి తర్వాత మార్చుకునే స్తోమతు తక్కువ కాబట్టి.

ఏ ఫ్యామిలీనైనా పంపేముందు దాని కొలతల్ని రెండు చివరలకీ లాగి చూస్తాను. ఈ మధ్య ఊచల కిటికీ ఒకటి చేశాను. ఊచకీ ఊచకీ మధ్య నాలుగంగుళాలు దాటకూడదు. నాలుగడుగుల కిటికీలో రెండు పక్కల చెక్కా పోగా ఖాళీ నలభై రెండు అంగుళాలు. నాలుగుతో భాగిస్తే పదిన్నర, పైకి తీసుకుంటే పదకొండు సందులు, పది ఊచలు. రెండడుగులదానిలో ఖాళీ పద్దెనిమిది, ఐదు సందులు, నాలుగు ఊచలు. అడుగు వెడల్పు వెంటిలేటర్‌కి వచ్చేసరికి ఖాళీ ఆరంగుళాలే, రెండు సందులు, ఒకే ఊచ. నాకు వచ్చే పాత వెర్షన్ ఫైళ్ళలో వరసలో రెండుకి తక్కువ వస్తువులుంటే రెవిట్ ఒప్పుకోదు, ఫ్యామిలీ విరిగిపోతుంది. అందుకని ఒంటి ఊచని విడిగా మధ్యలో నిలబెట్టి, లెక్క ఒకటికి దిగినప్పుడు అదొక్కటే కనిపించి వరస దాగేలా, వరసలో మాత్రం ఎప్పుడూ కనీసం రెండు ఉండేలా ఫార్ములా రాశాను.

ఆ వెంటిలేటర్‌కే ఇప్పుడు ఊచలకి బదులు అద్దపు పలకలు కావాలంటున్నారు, ఏటవాలుగా తెరిచి మూసేవి. అద్దం పొడవు షాపులో మనం అడిగిన కొలతకి కోసిస్తారు. వెడల్పు మాత్రం మామూలుగా నాలుగంగుళాలో ఆరంగుళాలో, ఏది ఉంటే అది తీసుకోవాలి. ఒకే పలక, ఒక వైపు కోసుకునేది, ఇంకో వైపు కొనుక్కునేది. పొడవుని ఇన్‌స్టెన్స్‌కి, వెడల్పుని టైపుకి కట్టి మొదలుపెట్టాను. ఎత్తు ఆ వెడల్పుతో సరిగ్గా భాగం కానప్పుడు మిగిలే సందుని పైన వదలాలా కింద వదలాలా అన్నది మేస్త్రిగారిని అడగాలి.